మిలట్రీ తాతయ్య, తేగల పాతర

మా ఇంట్లో తేగల పాతరని పారతో తియ్యరు. ఈ మాట ఊళ్లో ఎవరితో అన్నా నవ్వుతారు, ఎందుకంటే పాతర పక్కన గొయ్యి తవ్వి, మన్ను లాగి తేగలు బయటికి తియ్యడం మహా అయితే గంట పని. మాకు మాత్రం ఒక పూట పట్టేది, ఒక్కో ఏడు రెండు పూటలు. మా తాతయ్య గోనెసంచి మీద బోర్లా పడుకుని సైకిల్ చువ్వతో గుచ్చుకుంటూ తీసేవారు మరి.

తాతయ్యది తాడేపల్లిగూడెం పక్కన మెట్ట ఊరు. అటువైపు మిలట్రీ అనగానే అందరికీ మాధవరం గుర్తొస్తుంది. మిలటరీ మాధవరం అనే పిలుస్తారు దాన్ని, ఇంటికొకరు చొప్పున పటాలంలోకి వెళ్లిన ఊరు. మాది ఆ ఊరు కాదు. మా ఊళ్లో వెళ్లింది తాతయ్య ఒక్కరే. అందుకే ఆయన అసలు పేరు సగంమందికి తెలీదు, పోస్టుమేన్ దగ్గర్నుంచి పాలు పోసే ఆవిడ దాకా అందరికీ "మిలట్రీ గారు". 1963లో, చైనాతో యుద్ధం అయిన మరుసటి ఏడు, పటాలంలోకి జనాన్ని బాగా తీసుకుంటున్నారని ఎవరో చెబితే 18 ఏళ్ల వయసులో ఇంట్లో చెప్పకుండా వెళ్లిపోయారు. వాళ్లమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదట. మూడో రోజు తిందట. ఈ మూడో రోజు సంగతి తాతయ్యే నవ్వుతూ చెప్పేవారు.

బెంగుళూరులో ఉల్సూరు చెరువు పక్కన మద్రాస్ సాపర్ల సెంటర్, అక్కడ ట్రైనింగ్. 1780 నాటి పటాలం అది. మిలట్రీ అంటే మనకి తుపాకీ పట్టుకుని పరిగెత్తే సిపాయే కళ్లముందు కనబడతాడు గానీ సాపర్ల పని వేరు. వాళ్లు అందరికంటే ముందు వెళ్లి దారి చెయ్యాలి. వంతెనలు కట్టాలి, రోడ్లు వెయ్యాలి, మందుపాతరలు పెట్టాలి, అవతలివాడు పెట్టినవి వెతికి తియ్యాలి. ఈ సాపర్లని పటాలంలో తంబీలు అంటారు. మా తాతయ్యకి తమిళం అక్కడే వచ్చింది, హిందీ కూడా అక్కడే, కాకపోతే హిందీని ఇంగ్లీషు అక్షరాల్లో రాయడమే నేర్పారు, ఆ రోజుల్లో పటాలంలో అదే పద్ధతి. మా స్కూల్లో హిందీ హోంవర్క్ ఇస్తే ఆయన గడగడా చెప్పేవారు, పుస్తకం చూపిస్తే ఒక్క ముక్క చదవలేకపోయేవారు. "నా హిందీకి తలకట్టు గీతలు లేవే అమ్మడూ" అనేవారు.

1967లో పెళ్లి. ఏడాదికోసారి సెలవు, రెండు నెలలు. జీటీ ఎక్స్‌ప్రెస్‌లో బెజవాడ దాకా వచ్చి, అక్కడ పాసింజరు పట్టుకుని గూడెంలో దిగి, నల్ల ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని నడిచి వచ్చేవారట. ఆ పెట్టె మీద తెల్లరంగుతో రాసిన నంబరు ఇప్పటికీ చెరగలేదు. మిగతా పది నెలలూ ఉత్తరాలే. అడ్రసులో ఊరు పేరు ఉండదు, యూనిట్ పేరు, కింద "56 ఏపీఓ" అని ఉంటుంది. పటాలం ఎక్కడున్నా అంతే, ఊరు బయటికి తెలియకూడదని. మా అమ్మమ్మకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. ఏపీఓ అనేది పంజాబు పక్కన ఒక ఊరని, అక్కడ 56 నంబరు వీధిలో ఉంటారని నాలుగేళ్లు నమ్మింది. నూతి దగ్గర ఎవరన్నా "మీ ఆయన ఎక్కడ?" అంటే "ఏపీఓలో" అని దర్జాగా చెప్పేదట. తాతయ్యకి తెలిసి కూడా దిద్దలేదు. సెలవుకి వచ్చినప్పుడు "మా ఏపీఓలో ఈ ఏడు చలి ఎక్కువ" అని తనూ మొదలెట్టారట.

మా అమ్మ 1968లో పుట్టింది. మావయ్య 1972 ఫిబ్రవరిలో. ఈ రెండింటి మధ్యలోనే యుద్ధం వచ్చింది.

మనవైపు 71 యుద్ధం అంటే విశాఖ దగ్గర మునిగిపోయిన ఘాజీ, అంతే. మా అమ్మమ్మ మాత్రం ఆ డిసెంబరంతా పంచాయతీ రేడియో అరుగు మీద కూర్చుంది, ఏడో నెల కడుపుతో. తాతయ్య ఎక్కడున్నారో తెలీదు, రేడియోలో చెప్పే ఊళ్లు ఒక్కటీ నోరు తిరగదు. వీధి చివర టెలిగ్రాం మనిషి సైకిల్ కనబడితే లోపలికెళ్లి తలుపేసుకునేదట, తలుపేస్తే టెలిగ్రాం రాదన్నట్టు. డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయిందని ఊళ్లో పంచదార పంచారు. అమ్మమ్మ తీసుకోలేదు. తనాయన ఉన్నది పడమటి వైపని ఆవిడకి ఎలాగో తెలుసు. అక్కడ కాల్పులు ఆగింది మర్నాడు, 17 రాత్రి 8 గంటలకి.

నిజంగానే ఆయన ఆ రెండు రోజులూ బసంతర్ దగ్గర ఉన్నారు. జమ్మూ కింద, షకర్‌గఢ్ వైపు. "నది అంటారు గానీ మన ఏలూరు కాలవ పాటి చెయ్యదు" అనేవారు. దాని అవతల గట్టున పాకిస్తాన్ వాళ్లు మైన్లు పరిచారు. 15 రాత్రి చీకట్లో సాపర్లు వాటిలోంచి దారి చెయ్యాలి, తెల్లారేలోగా ఆ దారిలో మన టాంకులు అవతలికి పోవాలి, లేకపోతే అప్పటికే ముందుకెళ్లి కూర్చున్న కాల్బలం మనవాళ్లు నలిగిపోతారు. దారి సగం అయిందో లేదో అవతల నుంచి శత్రు టాంకుల చప్పుడు మొదలైంది, ఇంక ఆగడానికి లేక మన పూనా హార్స్ రెజిమెంటు టాంకులు మిగిలిన మైన్ల మీదుగానే వెళ్లిపోయాయి. మర్నాడు ఆ రెజిమెంటులోనే 21 ఏళ్ల అరుణ్ ఖేతర్‌పాల్ తన టాంకులోనే చనిపోయాడు. తర్వాత పరమవీర చక్ర ఇచ్చారు. ఇదంతా నేను పెద్దయ్యాక చదివి తెలుసుకున్నది. తాతయ్య చెప్పింది రెండే మాటలు, "బాగా చలిగా ఉండేదే" అని ఒకటి, "మేం ఇంకా దారికి గుర్తుగా టేపు కడుతూనే ఉన్నాం, టాంకులు పక్కనించి పోయాయి" అని ఇంకోటి. ఆ కుర్రాడి ఫోటో పేపర్లో వస్తే మాత్రం ఆ పేజీలో పల్లీలు కట్టనిచ్చేవారు కాదు.

జనవరిలో ఉత్తరం వచ్చింది. ట్రంకుపెట్టెలో అడుగున ఇంకా ఉంది, మడతల దగ్గర చిరిగిపోతే లోపలివైపు తెల్లకాయితం అంటించింది అమ్మమ్మ. ఉభయకుశలోపరి, నేను క్షేమం, దెబ్బలేమీ తగల్లేదు, అమ్మకి చెప్పు, పాపని ఎండలో తిరగనివ్వకు. మొత్తం ఐదారు వాక్యాలు. ఆఖర్న ఇలా ఉంటుంది: "తేగలు తీశారా? తీయకపోతే పార వాడవద్దు."

ఆ ముక్క చదివి అమ్మమ్మకి ఒళ్లు మండిందట. నెల రోజులు నేను చస్తూ బతుకుతుంటే ఈయనకి తేగల గోలేంటి అని. అసలు అంతకుముందు తేగలు ఆయనా పారతోనే తీసేవారు!

తెలియనివాళ్ల కోసం చెప్తా. భాద్రపదంలో తాటిపండ్లు తినేశాక టెంకలు పారెయ్యరు. ఇసక కలిసిన మన్నులో మడి కట్టి, టెంకలు పక్కపక్కనే పేర్చి, పైన మళ్లీ మన్ను కప్పుతారు. అదే పాతర. మొలక పైకి రాదు, టెంక కిందినుంచి భూమిలోకి దిగుతుంది. సంక్రాంతి వేళకి జానెడు, మూరెడు తేగ తయారవుతుంది. గడ్డిమంటలో కాలిస్తే ఆ వాసన వీధి దాటి వెళ్తుంది. తేగని నిలువునా చీలిస్తే మధ్యలో సన్నగా చందమామ ఉంటుంది, పిల్లలంతా కొట్టుకునేది దానికోసమే. టెంక పగలగొడితే లోపల బుర్రగుంజు, అది అమ్మమ్మకి.

పార పడితే మూడింట ఒక తేగ విరుగుతుందనేది తాతయ్య చెప్పే కారణం. నాకు ఏడెనిమిదేళ్లున్నప్పటి నుంచీ ఈ పనిలో నేనూ ఉన్నాను. ముందు పాతర చుట్టూ అమ్మమ్మ పాత తెల్లచీర పీలికలు కట్టేవారు. దాన్ని మళ్లీ నాలుగు వరసలు చేసి మా నలుగురు మనవలకీ తలో వరస, దాని పేరు లేన్. తలో గోనెసంచి, తలో చువ్వ. బోర్లా పడుకోవాలి, మోచేతులు నేలకి ఆనాలి. చువ్వని నిటారుగా గుచ్చకూడదు. "గడియారంలో చిన్నముల్లు రెండు మీద ఉంటే ఎలా ఉంటది? అంత వాలు. రెండేసి అంగుళాలకి ఒక పోటు. తోయకు, అడుగు. లోపల ఏవన్నా ఉందా అని మర్యాదగా అడుగు." నేను ఒకసారి బద్ధకించి నిటారుగా గుచ్చేశాను. తాతయ్య ఎప్పుడూ నన్ను తిట్టిన మనిషి కాదు, కానీ ఆ రోజు నా మణికట్టు పట్టుకున్న పట్టు ఇప్పటికీ తెలుస్తుంది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లిగా, "నిటారుగా గుచ్చితే దాని నెత్తిన తగులుద్ది అమ్మడూ. వాలుగా పోతే డొక్కలో తగులుద్ది. నెత్తిన తగిలితే దానికి కోపం" అన్నారు. టెంకకి కోపమేంటి తాతయ్యా అని నవ్వాను. ఆయన కూడా నవ్వారు, అంతే, మళ్లీ పని.

చువ్వ టెంకకి తగిలితే చిన్నగా టక్ మంటుంది. రాయి చప్పుడు వేరు, వేరు చప్పుడు వేరు. టక్ మనగానే "ఉంది" అని గట్టిగా అరవాలి. మిగతా ముగ్గురూ ఆగిపోవాలి. తాతయ్య వచ్చి, వేళ్లతో పక్కనించి మన్ను తీసి, టెంక కనబడ్డాక దాన్ని పట్టుకుని కిందికి తేగ పొడుగునా తవ్వి, ఒక్క పీచు తెగకుండా ఎత్తేవారు. ఆయన వేళ్లు లావుగా, మొరటుగా ఉండేవి, గోళ్లు ఎప్పుడూ కత్తిరించే ఉండేవి. ఆ వేళ్లతోనే అంత మెత్తగా ఎలా చేసేవారో. ఆ చేత్తోనే అమ్మకి చిన్నప్పుడు రెండు జడలు వేసేవారట, పాపిడి గీత గీసినట్టు వచ్చేదని, అమ్మమ్మ వేస్తే ఒప్పుకునేది కాదని అమ్మ చెప్తుంది. మా అందరికీ చీర ఉయ్యాలలు కట్టింది కూడా ఆయనే. ఆ ముడి ఎంత బరువు పడితే అంత బిగుస్తుంది, ఒక చోట లాగితే మాత్రం చటుక్కున ఊడుతుంది, ఆ చోటు ఆయనకొక్కరికే తెలుసు. ఎర్రకాలువ పొంగి ఊరి తూము కొట్టుకుపోయిన ఏడు, పిల్లలు బడికెళ్లడానికి తాటిదుంగలతో వంతెన కట్టింది ఆ ముళ్లతోనే. ఇంజనీరు వచ్చి చూసి ఎవరు కట్టారని అడిగితే ఎవరూ పేరు చెప్పలేక మిలట్రీ గారు అన్నారట.

ఇంకో సంగతి లెక్క. పాతర వేసినరోజే ఎన్ని టెంకలో ఒక నోటుపుస్తకంలో రాసేవారు. వేసినవి ఒక గడి, తీసినవి ఇంకో గడి. మొలవనివైనా, కుళ్లినవైనా సరే తీసి లెక్కలో చూపించాలి. రెండు గడులూ సమానం అయ్యేదాకా ఎవరూ లేవకూడదు. మాకు ఆకలేసి చచ్చేవాళ్లం. ఇది ఎందుకో నాకు 2002లో తెలిసింది. పార్లమెంటు మీద దాడి తర్వాత సరిహద్దు పొడుగునా మళ్లీ మైన్లు పరిచారు కదా, అవి పరిచేటప్పుడూ తీసేటప్పుడూ యుద్ధం లేకుండానే మనవాళ్లు చాలామంది పోయారు. ఆ వార్త పేపర్లో చదివిన రోజు తాతయ్య అన్నం దగ్గర కూర్చుని తినలేదు. 71 యుద్ధం అయ్యాక, మనవాళ్లు పరిచినవి మనవాళ్లే తీసి రైతులకి పొలాలు అప్పగించాలి కదా, ఆ పనిలో ఏడాది ఉన్నారట. పరిచినప్పుడు రాసిన లెక్కకి తీసినవి ఒక్కటి తక్కువొచ్చింది. మూడు రోజులు వెతికారు. వాన వచ్చి మన్ను జరిగిపోయి ఉంటుంది. నాలుగో రోజు దొరికింది. "ఎలా దొరికింది తాతయ్యా?" అన్నాను. "మా చెంగల్పట్టు తంబీకి దొరికింది" అన్నారు, కంచం పక్కకి జరిపి లేచారు. ఆ తంబీ సంగతి నేను మళ్లీ అడగలేదు.

ఆ మైన్ల పని అయ్యి 1973 మొదట్లో ఇంటికొస్తే మావయ్యకి ఏడాది నిండబోతోంది. ఎత్తుకుంటే గుక్కపట్టి ఏడ్చాడట. వాళ్లిద్దరికీ ఆ రోజు నుంచే పడలేదని అమ్మమ్మ జోక్. జోక్ అంటుంది గానీ జోక్ కాదు.

మావయ్యకి చిన్నప్పటి నుంచీ మిలట్రీ పిచ్చి. నాన్న ట్రంకుపెట్టె, నాన్న గ్రేట్‌కోటు, 71 యుద్ధానికి ఇచ్చిన పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్ చొక్కాకి తగిలించుకుని వీధంతా తిరిగేవాడట. పద్దెనిమిది నిండగానే రిక్రూట్‌మెంట్ ర్యాలీకి వెళ్తానన్నాడు. పొద్దున్నే పరిగెత్తడం, గంజి తాగడం, అన్నీ చేశాడు. ఊరంతా కూడా అదే అనుకున్నారు, మిలట్రీ గారబ్బాయి కదా అని. ర్యాలీ ముందురోజు చూసుకుంటే సర్టిఫికెట్లు లేవు. తాతయ్య ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి తీసుకుని వారం రోజులు కనిపించకుండా పోయారు. వచ్చాక "ఇంటికి ఒకడు చాలు" అన్నారు, ఇంక ఒక్క మాట లేదు. మావయ్య తర్వాత గూడెంలో ఎరువుల షాపు పెట్టాడు, బాగానే సంపాదించాడు, ఇల్లు కట్టాడు, నాన్నకి మందులు కొన్నాడు, మిలట్రీ క్యాంటీన్‌కి తీసుకెళ్లాడు, అన్నీ చేశాడు. కూర్చుని మాత్రం మాట్లాడలేదు. పాతర తీసే రోజున ఎప్పుడూ ఉండేవాడు కాదు, షాపులో స్టాకు వస్తుందనేవాడు. ఎవరిది తప్పని నన్నడిగితే తాతయ్యదే అంటాను. కారణం చెప్పి ఉండాల్సింది. చెప్పడం ఆయనకి చేతకాలేదు.

1984లో హవల్దారుగా రిటైరయ్యి వచ్చి, పదేళ్లు ఒక బ్యాంకులో గన్‌మేన్‌గా చేశారు. ఆ తుపాకీ ఒక్కసారీ పేల్చలేదు, కానీ రోజూ తుడిచేవారు. మిగతా అంతా మీరు అందరూ చూసిన మిలట్రీ తాతయ్యల్లాగే. నాలుగింటికి లేవడం, దుప్పటి మడతలు స్కేలు పెట్టి కొలిచినట్టు ఉండడం, క్యాంటీన్ నుంచి మైసూర్ శాండల్ సబ్బులు, పండగలకి అల్లుళ్లకి రమ్ము సీసా, తను మాత్రం మూతతో రెండు మూతలు. ప్రతి నవంబరులో గడ్డం గీసుకుని, బూట్లు పాలిష్ చేసుకుని "బతికే ఉన్నానని చెప్పొస్తా" అని లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చి వచ్చేవారు. చివరి ఏళ్లలో మిషన్ మీద వేలిముద్ర పడేది కాదు, అరిగిపోయాయి. "ఎదురుగా నిలబడ్డా నమ్మట్లేదే!" అని ఇంటికొచ్చి తెగ నవ్వారు. కంటితో తీసుకునే మిషన్ ఉన్న చోటికి మావయ్యే తీసుకెళ్లాడు.

2022 నవంబరులో, ఆ ఏడాది సర్టిఫికెట్ ఇచ్చిన వారానికే, నిద్రలో పోయారు. 77 ఏళ్లు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి పాత మిలట్రీవాళ్లు పదకొండు మంది వచ్చారు, మాధవరం నుంచి నలుగురు. టోపీలు పెట్టుకుని వరసలో నిలబడ్డారు, ఒకాయనకి నిలబడే ఓపిక లేక కుర్చీలోనే సెల్యూట్ కొట్టాడు. బ్యూగిల్ లేదు. ఫోన్లో లాస్ట్ పోస్ట్, అదే సిపాయిల వీడ్కోలు బాణీ, పెడదామని పెడితే ముందు అగరుబత్తి యాడ్ వచ్చింది. ఏడుస్తూనే నవ్వాం. తాతయ్య ఉంటే ఆ యాడ్ సంగతి నెల రోజులు చెప్పేవారు.

సంక్రాంతికి అందరం చేరాం. పండగ చేసుకునేది లేదు, ఊరికే అమ్మమ్మ కోసం. పాతర గుర్తొచ్చింది అప్పుడే. భాద్రపదంలో ఆయన వేసి వెళ్లిన పాతర. నోటుపుస్తకం తీస్తే 2022, వేసినవి 212, పక్క గడి ఖాళీ. మావయ్య పార తెచ్చాడు. "గంటలో అయిపోద్ది, పక్కకి జరగండి" అన్నాడు. ఎవరూ జరగలేదు. అమ్మ లోపలికెళ్లి చూరులోంచి చువ్వలు తెచ్చింది, 54 ఏళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులు, చీర కొంగు దోపుకుని గోనెసంచి మీద బోర్లా పడుకుంది. నేను రెండో లేన్. మావయ్య పార గోడకి ఆనించి, కాసేపు నిలబడి చూసి, చెప్పులు వదిలి మూడో లేన్‌లోకి వచ్చాడు. చువ్వ నిటారుగా పట్టుకున్నాడు. ఎవరూ నేర్పలేదు కదా. నేను ఆయన మణికట్టు పట్టుకుని రెండు గంటల వాలుకి వంచాను. ఎందుకు అని అడిగాడు. తాతయ్య నాతో అన్నదే చెప్పాను, నెత్తిన తగిలితే కోపం అని, చెంగల్పట్టు తంబీ సంగతి కూడా. మావయ్యకి ఆ సంగతి తెలీదు. యాభై ఏళ్ల మనిషికి తన తండ్రి గురించి నేను చెప్పాల్సి వచ్చింది. మావయ్య ఏమీ అనలేదు. రెండేసి అంగుళాలకి ఒక పోటు, గుచ్చుకుంటూ పోయాడు.

చీకటిపడేదాకా తీశాం. 211. మళ్లీ లెక్కపెట్టాం, 211. ఫోన్ల లైట్లు వేసుకుని ఇంకో గంట వెతికాం. అమ్మమ్మ అరుగు మీదినుంచి "ఇంక లేవండర్రా, ఒక్క టెంక ఉంటే ఏమైంది, చెట్టవుద్ది" అంది. అమ్మ లేచి, చేతులు కడుక్కుని, నోటుపుస్తకం తీసి, గడిలో ఏమీ రాయకుండానే మూసేసింది.

మర్నాడు ఇంకా మంచు విడవకముందే లేచాను. పెరట్లో మావయ్య ఒక్కడే గోనెసంచి మీద బోర్లా పడుకుని ఉన్నాడు, తాతయ్య గ్రేట్‌కోటు వేసుకుని. చువ్వ వాలుగానే పట్టుకున్నాడు.